నాణి కడిగిన కళ్లద్దాలు

మా చంద్రికా టాకీసుకు రెండు గేట్లు. మగవాళ్ల గేటు దగ్గర టికెట్లు చించడం నా పని, ఆడవాళ్ల గేటు దగ్గర చించడం నాణి పని. మధ్యలో గోడ, గోడలో ఊచల కిటికీ. ఇరవై రెండేళ్లు మేం ఆ కిటికీలోంచే మాట్లాడుకున్నాం. నాకంటే చిన్నది కాబట్టి నన్ను 'కుంజంబేట్టా' అని పిలిచేది, 'ఏట్టా' అంటే మా వైపు అన్నా అని. ఊళ్లో చిన్నవాళ్లందరికీ ఆమె 'నాణేచ్చి', అంటే అక్క.

సినిమా హాల్లో అన్నేళ్లు పని చేసినా నాణి ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసి ఉండదు. ఆట మొదలవగానే తెరకు వీపు పెట్టి, బెంచీల వైపు తిరిగి నిలబడేది. ఎవరి బిడ్డ ఏడుస్తోంది, ఎవరికి ఉక్కపోసి కళ్లు తిరుగుతున్నాయి, కొత్తగా కాపురానికి వచ్చిన ఏ పిల్ల సినిమాలో ఏడుపు లేనిచోట ఏడుస్తోంది, ఇవే ఆమె చూసేవి. బిడ్డ కేరుమంటే తల్లి లేచేలోపే వెళ్లి చేతులు చాచేది. బిడ్డను వసారాలోకి తీసుకొచ్చి భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పేది. తనకు పిల్లలు లేరు. మా ఊళ్లో ఇప్పుడు మీసాలు మెలేస్తున్నవాళ్లలో సగం మంది ఆమె భుజమ్మీద నిద్రపోయినవాళ్లే.

"నాణేచ్చీ, కొత్త సినిమా కథేమిటి?" అని ఎవరైనా అడిగితే, "నాకేం తెలుసమ్మా. ఇంటర్వెల్‌కి ముందు అందరూ ఏడ్చారు, తరవాత నవ్వారు. నువ్వు చేతిరుమాలు తెచ్చుకో చాలు" అనేది.

ఆమె భర్త కోరన్ కల్లు గీసేవాడు. మా ఏటి ఒడ్డు కొబ్బరితోటల్లో అతనంత ఎత్తు, అంత వేగంగా ఎక్కేవాడు లేడు. ఎక్కినవాడు ఊరుకునేవాడూ కాదు. పైన మట్టల మధ్య కూర్చుని ఊరికంతటికీ వార్తలు చెప్పేవాడు. "అమ్మినీ, నీ ఆవు నంబియార్ గారి చేలో పడిందే!" "పడవ మలుపు తిరిగింది, చేపలు కావలసినవాళ్లు గంపలు తీసుకోండి!" ఒకసారి మా యజమాని నంబియార్ గారిని రోడ్డు మీద ఆపి, అంత ఎత్తునుంచి అరిచాడు: "నంబియార్ గారూ! మీ టాకీసు కప్పు మీద మూడు పెంకులు పగిలాయి. వానొస్తే హీరోకి జలుబు చేస్తుంది!" నంబియార్ గారు తలెత్తి, "ముందు నీ కాలు చూసుకోరా, నా పెంకులు నేను చూసుకుంటాను" అన్నారు. అందరం నవ్వాం.

ఆ తరవాతి వానాకాలంలోనే ఒక ఉదయం కాలు జారింది. నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. మూడేళ్లు ఇంటి ముందుగదిలో మంచం మీద, పెంకుల వైపు చూస్తూ పడుకున్నాడు. ఊరికంతా వినిపించిన గొంతు ఇంట్లో మనిషికి కూడా వినిపించడం మానేసింది. ఆకలేస్తోందా అంటే తల ఊపడం, వద్దంటే కంచం పక్కకు నెట్టడం. మూడో ఏడు శివరాత్రి వెళ్లినప్పటినుంచి కంచం నెట్టడమే ఎక్కువైంది. ఎముకలు చూసే వైద్యుడు నూనె రాసి, చేతులు తుడుచుకుంటూ, "వెన్నుకైతే నా దగ్గర నూనె ఉంది నాణీ. బతకాలని లేనివాడికి ఏం రాయను?" అన్నాడట. నాణి ఈ మాట కిటికీలోంచి చెబుతూ టికెట్లు చించడం ఆపలేదు.

"ఏమైనా మాట్లాడాడా?" అని నేను రోజూ అడిగేవాణ్ని.

"మాట్లాడారు. 'నన్ను కప్పు కింద పాతిపెట్టావు' అన్నారు. నెలకో మాట. ఈ నెలది అయిపోయింది."

అలాంటి రోజుల్లో, ఎండలు ముదిరిన వేళ, ఆ నక్షత్రాల సినిమా వచ్చింది. పై దేశం సినిమా. కళ్లద్దాలు పెట్టుకుని చూడాలి. పెట్టుకుంటే తెరమీది వస్తువు తెరమీద ఉండదు, ఒళ్లోకి వస్తుంది. దానికోసం నంబియార్ గారు మా తెల్ల తెరకు వెండిరంగు పూయించారు. కోజికోడ్ నుంచి కంపెనీ మనిషి ఒకడు పెట్టెలకొద్దీ కళ్లద్దాలతో దిగాడు. నల్లగా, పొగచూరిన లాంతరు బుడ్డి రంగులో ఉండేవి. లోపలికి వెళ్లేటప్పుడు మనిషికొకటి ఇచ్చి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ తీసుకోవాలి.

మొదటి ఆటలో ఏం జరిగిందో చెబుతాను. దీపాలు ఆరాయి. తెర నల్లగా ఉంది. ఆ నలుపులోంచి ఒక చుక్క బయలుదేరింది. తరవాత పది, తరవాత లెక్కలేనన్ని. అవి తెర దాటి వచ్చి మా తలల మధ్య, మా మోకాళ్ల దగ్గర నిలబడ్డాయి. నాలుగు వందలమంది ఒక్కసారిగా చేతులు చాచారు. నేను కూడా చాచాను. నేను రోజూ సంధ్యాదీపం వెలిగించే మనిషిని. దేవుడి సృష్టి ఇంత దగ్గరగా చూపించిన ఆ పై దేశం వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆడవాళ్ల వైపు పెద్దగా కేకలు లేచాయి. పామో నిప్పో అనుకుని నాణి గిరుక్కున తెర వైపు తిరిగింది. చేతిలో మిగిలిన కళ్లద్దాల్లో ఒకటి పెట్టుకుంది. అప్పుడు తెరమీద ఓడ ఒకటి, రెక్కలు లేని ఓడ, వేరే లోకపు అడవి మీదుగా పోతోంది. పైనుంచి చూస్తున్నాం మనం. చెట్ల తలలు మన పాదాల కింద. ఆకుల మధ్య గాలి కదలడం కూడా తెలుస్తోంది. అటు దూరంగా నీళ్లు మెరుస్తున్నాయి.

నాణి కిటికీ ఊచలు పట్టుకుంది. "కుంజంబేట్టా," అంది. ఓడ అడవి దాటేదాకా అద్దాలు తియ్యలేదు. చివరికి, "మా ఆయన రోజూ చూసింది ఇదే కదా. నాకు ఒక్కసారి కూడా చూపించలేదు" అంది.

మర్నాడు ఆమె ఆటకు వచ్చినప్పుడు ముఖం చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది. చెప్పడానికి ఆగలేక గోడ చుట్టూ తిరిగి నా గేటు దగ్గరికే వచ్చింది.

"గంజి తాగిస్తూ సినిమా సంగతి చెప్పాను ఏట్టా. ఊరికే గోడతో చెప్పినట్టు చెప్పాను. అంతా విని, ఏం అడిగారో తెలుసా? 'చెట్ల కొనలు కింద కనిపిస్తాయా?' అన్నారు. 'నీళ్లు కూడా కనిపిస్తాయి' అన్నాను. 'ఏ పక్క?' అన్నారు. పడమటి పక్క అని చెప్పాను. నాకు తెలియదు, అయినా అనేశాను. గిన్నెలో గంజంతా తాగారు!"

"అయితే తీసుకొద్దాం," అన్నాను నేను.

"నేనూ అదే అడిగాను. 'నేనేం మూటనా మోసుకుపోవడానికి' అన్నారు. కాసేపటికి, 'గడ్డం గీయించు' అన్నారు."

మూడేళ్ల తరవాత తనకు తానుగా ఒకటి కావాలని అడిగాడు కోరన్. ఆ మాట ఊరంతా పాకింది. కల్లు గీసే నలుగురు, అతనితో కలిసి ఎక్కినవాళ్లు, ఆదివారం మ్యాట్నీకి కుర్చీతో సహా మోసుకొస్తామన్నారు. మంగలి కణారన్ ఇంటికి వెళ్లి గడ్డం గీసి, "సినిమా చూసొచ్చాక మళ్లీ పైనుంచి అరవాలి, ఊళ్లో ఒక్క వార్తా తెలియడం లేదు" అన్నాడట. నంబియార్ గారు రెండో వరస చివర, నడవ పక్కన, ఒక బెంచీ తీయించి కుర్చీకి చోటు చేయించారు. "వాడు నా పెంకుల లెక్క చెప్పిన మనిషి," అన్నారు నాతో. "తెరకు తిన్నగా కూర్చోబెట్టండి, పక్కకి వద్దు."

ఆ వారంలోనే కండ్లకలక మొదలైంది. ఎండాకాలంలో మాకు మామూలే. కానీ ఈసారి కళ్లు ఎర్రబడి, ఊసులు కట్టినవాళ్లు కూడా సినిమా చూడకుండా ఆగడం లేదు. కళ్లద్దాలు ఒకరి ముఖం మీదినుంచి ఇంకొకరి ముఖం మీదికి పోతున్నాయి. కంపెనీ మనిషి స్పిరిట్ సీసాలు ఇచ్చి, ఆట ఆటకీ దూదితో తుడవమన్నాడు. అవి నాలుగు రోజుల్లో ఖాళీ అయ్యాయి.

"స్పిరిట్ అద్దాలకు పోశారా, రాఘవన్ గొంతులో పోశారా?" అని నేను పైనున్న ఆపరేటర్‌ని ఉడికించాను.

"నీ గేటు దగ్గర వాసన చూసుకో ముందు," అన్నాడు రాఘవన్ మెట్లమీదినుంచి.

కంపెనీ మనిషి కొత్త సీసాల కోసం కోజికోడ్ వెళ్లాడు. ఆదివారం మధ్యాహ్నానికి వస్తానన్నాడు. శనివారం సాయంత్రం ఆట అయ్యాక అద్దాలు తిరిగి తీసుకుంటూ నాణి నాకొకటి చూపించింది. రెప్పలు తాకేచోట పచ్చగా అంటుకుని ఉంది.

"రేపు ఇదే ఆయనకు ఇవ్వాలి ఏట్టా. నడుము ఎలాగూ పోయింది. కళ్లు కూడా పోతే?"

అప్పుడు ఆ మాట అన్నది నేను. ఇన్నేళ్లూ నాణితో తప్ప ఎవరితోనూ ఒప్పుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను. "స్పిరిట్ ఎందుకు? దానికంటే వేపాకు వేసి మరిగించిన నీళ్లు శుభ్రం," అన్నాను. మా ఇళ్లలో పురుడు వస్తే అవే నీళ్లు, అమ్మవారు పోస్తే అవే నీళ్లు. పసిబిడ్డ ఉయ్యాల గుడ్డ నుంచి పోయినవాళ్ల పక్కబట్టల దాకా అన్నీ వాటిలోనే శుద్ధి అవుతాయి. నాణికి నేను చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఆమె ముఖం తేటపడింది.

ఆదివారం తెల్లవారగానే నేను మా పెరటి వేపచెట్టు కొమ్మలు నరికి తీసుకెళ్లాను. ఆమె టాకీసు వెనక మూడు రాళ్లు పెట్టి, ధాన్యం ఉడకబెట్టే పెద్ద ఇత్తడి డేగిసా ఎక్కించి ఉంచింది. పక్కింటి అమ్మిని తులసి తెచ్చిచ్చింది, చెయ్యి కూడా వేసింది. నీళ్లు మరిగాక దించి, వేడి కాస్త తగ్గనిచ్చి, నాణి అద్దాలను బుట్టతో ముంచింది. ఏ పని చేసినా తొందరపడదు. ఒక్కో బుట్టా నానబెట్టి, ఒక్కో అద్దాన్నీ వేళ్లతో రుద్ది, చల్లనీళ్లలో జాడించి, ఉతికిన పంచె మీద ఆరబెట్టింది.

నీళ్లు టీ రంగులోకి తిరిగాయి.

"చూశారా మురికి!" అంది. "ఎంతమంది కళ్లలో ఊసు ఇది! ఇవి పెట్టుకున్నవాళ్లకు కండ్లకలక రాక ఏం వస్తుంది?"

అద్దాలు ఆరాక ఎండలో పట్టుకుని చూసింది. పొగచూరిన బుడ్డిలాగా ఉన్నవి తేటగా, దాదాపు కిటికీ అద్దాల్లాగా వచ్చాయి. అంచుల దగ్గర కొన్ని కొంచెం పొరలు లేచాయి. పాతబడ్డవి కదా అనుకున్నాం. పదకొండు దాటేసరికి అన్నీ అయ్యాయి. వాటిలో అన్నింటికంటే తెల్లగా వచ్చిన అద్దం ఏరి, తన పైటచెంగులో కట్టుకుంది.

రెండింటికి కోరన్ వచ్చాడు. నలుగురి భుజాల మీద కుర్చీలో, తెల్ల చొక్కా వేసుకుని, నున్నటి గడ్డంతో. రోడ్డు వెంబడి అందరూ పలకరించారు. మొదట తల దించుకున్నాడు. ఏటి ఒడ్డు మలుపు దగ్గర కొబ్బరిచెట్ల వైపు చూశాడని మోసేవాళ్లు తరవాత చెప్పారు. టాకీసు ముందు దించినప్పుడు నేను దగ్గరికి వెళ్లి, "టికెట్ ఏదోయ్?" అన్నాను.

"నా పెళ్లాన్ని అడుగు," అన్నాడు కోరన్. అతని గొంతు అది. మూడేళ్లయింది విని.

నడవ పక్కన కూర్చోబెట్టారు. నాణి పైటచెంగు ముడి విప్పి, తన చేత్తోనే అతనికి అద్దాలు పెట్టింది. ఆ రోజు మాత్రం ఆమె బెంచీల వైపు తిరిగి నిలబడలేదు. అతని కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఆమె గేటు కూడా నేనే చూశాను.

దీపాలు ఆరాయి. చుక్కలు వచ్చాయి. కానీ రాలేదు. ఎలా చెప్పాలి? తెరమీదే ఉండిపోయాయి, ప్రతి చుక్క పక్కనా ఇంకో చుక్క, పులిమినట్టు. ఓడ వచ్చింది, ఒకటి కాదు రెండు, ఒకదాని అంచు ఒకటి తింటూ. మనుషులకు రెండేసి ముక్కులు, నాలుగేసి కళ్లు. ముందు జనం అద్దాలు సర్దుకున్నారు. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తరవాత ఈలలు.

"రాఘవా! కళ్లు తెరిచి వెయ్యరా!"

"స్పిరిట్ మాకూ కొంచెం పొయ్యరా, నీకు కనిపించినట్టే కనిపిస్తుంది!"

ఓడ అడవి మీదికి వచ్చింది. నేను గేటు వదిలి లోపలికి వెళ్లాను. చెట్ల తలలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పచ్చటి బురదలాగా ఉన్నాయి. కోరన్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. నాణి తెర వైపు చూడటం లేదు. అతని ముఖం వైపు చూస్తోంది.

ఆట ఆగింది. దీపాలు వెలిగాయి. అప్పుడే బస్సు దిగి, సీసాల సంచీతో పరిగెత్తుకొచ్చాడు కంపెనీ మనిషి. రాఘవన్ యంత్రం బాగానే ఉందని పైనుంచి అరుస్తున్నాడు. ఆ మనిషి ముందు వరసలో ఒకరి దగ్గరా ఇంకొకరి దగ్గరా అద్దాలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "నల్లబడాలి," అన్నాడు తనలో తాను. "ఇలా తిప్పితే నల్లబడాలి." ఇంకో జత తీసుకున్నాడు. అతని ముఖం పాలిపోయింది.

"వీటిని ఏం చేశారు? ఎవరు కడిగారు?"

 నాణి లేచి నిలబడింది. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. యంత్రంలో ఏదో పాడైందనే అనుకుంటోంది.

"నేనే బాబూ," అంది. "వేపాకు నీళ్లలో కడిగాను. చూడండి, ఎంత తేటగా వచ్చాయో. ఎంత నలుపు దిగిందో తెలుసా!"

అతను ఆమెను తిట్టలేదు. చిన్నవాడు, మంచివాడు. బెంచీ మీద కూలబడ్డాడు. "అమ్మా, ఆ నలుపే..." అన్నాడు. "ఆ నలుపు ఉంటేనే ఈ కంటికి ఒక బొమ్మా ఆ కంటికి ఇంకో బొమ్మా కనిపిస్తుంది. వేడినీళ్లు తగిలితే పోతుంది. ఇవన్నీ... ఇంక ఇవి ఉత్త గాజుపెంకులే అమ్మా."

నంబియార్ గారు వెనక వరసలోంచి వచ్చి, "వేడినీళ్లని ఎవరు చెప్పారు నాణీ నీకు?" అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే.

నాణి నా వైపు చూడలేదు. "మా ఇంట్లో అన్నీ అలాగే కడుగుతాం," అంది. నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. 

జనం లేచారు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. అద్దాలు నా చేతుల్లో పడేస్తూ ఒకడు, "నాణేచ్చి కడిగితే ఆకాశంలో చుక్కలు కూడా దిగిపోతాయి!" అన్నాడు. అమ్మిని వాణ్ని మోచేత్తో పొడిచి, బయటికి నడిపించింది.

హాలు ఖాళీ అయ్యాక నాణి కోరన్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, అతని ముఖం మీదినుంచి అద్దాలు తీసింది.

"కంపెనీ వాళ్లు కొత్తవి తెస్తారట," అంది. ఎవరూ అలా అనలేదు. "ఏమైనా కనిపించిందా? కాస్తయినా? చెట్లు?"

"కనిపించాయి," అన్నాడు కోరన్. నెమ్మదిగా, మొహంలో ఏమీ లేకుండా. "ఒక్కో ఆకూ రెండుగా కనిపించింది. పడ్డరోజు చెట్టు కింద వెల్లకిలా ఉన్నప్పుడు పైన మట్టలు అచ్చం ఇలాగే కనిపించాయి. మరిచిపోయాను. ఇప్పుడు గుర్తొచ్చింది."

తరవాత మోసేవాళ్ల వైపు తిరిగి, "ఇంటికి తీసుకుపోండి" అన్నాడు.

ఆ సాయంత్రమే సినిమా పెట్టెలు కట్టేశారు. ఆ అద్దాలు మళ్లీ రావాలంటే పై దేశం నుంచే రావాలట. మర్నాడు నాణి పనికి రాలేదు. మూడోనాడు నంబియార్ గారే ఇంటికి వెళ్లారు. గుమ్మంలో నిలబడి, "గేటు దగ్గర ఎవరూ లేరు, బిడ్డలు ఏడుస్తున్నారు, రేపు రా" అని మాత్రం చెప్పి వచ్చేశారు. ఆయన నష్టం గురించి ఆమె ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కల్లు గీసే నలుగురూ మళ్లీ వచ్చారు. మంగళూరులో అదే సినిమా ఆడుతోంది, రైల్లో తీసుకుపోతామన్నారు. వెళ్దామని నాణి కోరన్‌కు చేతులు జోడించింది.

"అక్కర్లేదు," అన్నాడు కోరన్. ఆమె ఏడిస్తే, "నువ్వేం చేశావ్? నువ్వు కడిగావ్, అంతే" అన్నాడు.  గోడ వైపు తిరిగాడు. గడ్డం పెరిగింది. కణారన్ కత్తి పట్టుకుని రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తిరిగి వెళ్లాడు. గంజి గిన్నె ముందు సగం, తరవాత పావు, తరవాత మూత తీయకుండానే వెనక్కి వెళ్లింది. అమ్మిని చేపల పులుసు తెచ్చేది, వైద్యుడు పిలవకుండానే వచ్చేవాడు. ఎవరు ఏం చేసినా అతను దండం పెట్టినట్టు చెయ్యి కొంచెం ఎత్తేవాడు, అంతే. కర్కాటక మాసంలో, వారం రోజులు ముసురు విడవని వేళ, ఒక మధ్యాహ్నం పోయాడు.

కర్మలు అయ్యాక అమ్మినీ నేనూ నాణిని ఏటి గుడికి తీసుకెళ్లాం. మా వైపు ముత్తప్పన్ అనే దేవుడు మనిషి ఒంటిమీదికి వచ్చి కూర్చుంటాడు. వరసలో వెళ్లి ఎదురుగా నిలబడితే, చెయ్యి పట్టుకుని కష్టం ఏమిటని అడుగుతాడు. పేదవాళ్ల దేవుడు. నేను ఎన్నిసార్లు ఆ చేతిలో చెయ్యి పెట్టి ఏడ్చి, తేలికపడి లేచానో లెక్కలేదు.

నాణి వంతు వచ్చింది. దేవుడు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెప్పమ్మా. నీ కడుపులో ఉన్నది నాకు చెప్పు."

ఆమె ఆ చేతుల్లో ఉన్న తన వేళ్ల వైపు చూసుకుంటూ నిలబడింది. వెనక వరస కదలడం లేదని ఎవరూ విసుక్కోలేదు.

"కడిగాను ముత్తప్పా," అంది. "శుభ్రంగా కడిగాను."

"నీకు నేనున్నానమ్మా," అన్నాడు దేవుడు. అందరికీ చెప్పే మాటే. నన్ను ఎన్నోసార్లు నిలబెట్టిన మాట. నాణి మర్యాదగా తల ఊపి, చేతులు వెనక్కి తీసుకుంది. ఆమెలో ఆ మాట ఎక్కడా తగల్లేదని పక్కనున్న నాకు తెలిసింది. నా వంతు వచ్చినప్పుడు నేను దేవుడి ముఖం వైపు చూడలేకపోయాను.

బయట ప్రసాదం, ఉడకబెట్టిన బొబ్బర్లు, కొబ్బరిముక్క, టీ ఇచ్చారు. మెట్లమీద కూర్చున్నాం. అమ్మిని చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు చెప్పాను.

"వేడినీళ్లన్నది నేనే నాణీ. ఆ రోజు నంబియార్ గారు అడిగినప్పుడు నోరు విప్పలేదు."

"తెలుసు ఏట్టా," అంది ఆమె టీ చల్లారబెట్టుకుంటూ. "మీరు అనకపోయినా నేను కాచేదాన్నే. మనకు అంతకంటే మంచి ఏం తెలుసు?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. ఎవర్నీ అడగలేదు.  బస్సు నిండుగా వచ్చింది. ఎవరో లేచి ఆమెకు చోటిచ్చారు. కూర్చోలేదు, వద్దంది. ఊరు వచ్చేదాకా కడ్డీ పట్టుకుని, కిటికీలోకి జల్లు కొడుతున్నా పక్కకు జరగకుండా, అలాగే నిలబడింది.